పట్టు, విడుపు: కండబలపు రెండు పార్శ్వములు

మనము వేయు ప్రతి అడుగునకును, తీయు ప్రతి శ్వాసకును ఆధారమైన కండరము లాగుట యొక్కటే ఎరుగును. అట్టి దానిచేత దేహము ఇన్ని పనులు ఎట్లు చేయించుకొనుచున్నది? ఆ మర్మమును ఛేదించుటలో భీమవరమున పుట్టిన యొక శాస్త్రజ్ఞునకు గల పాలెంత?

2000 సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ ఒలింపిక్ వేదికపై, శ్రీకాకుళం జిల్లా వూసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 130 కిలోల బరువును నేలమీదినుండి భుజములపైకిని, భుజములపైనుండి తలమీదికిని ఎత్తి నిలిపినప్పుడు చూచినవారి కంటికి కనబడినది ఒక స్త్రీయు, ఒక ఉక్కు కడ్డీయు, కొన్ని క్షణముల నిశ్చలత్వమును మాత్రమే. స్నాచ్ విభాగమున ఎత్తిన 110 కిలోలతో చేరి 240 కిలోలైన ఆ మొత్తము ఆమెకు కాంస్య పతకమును, ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళ యను కీర్తిని ఆర్జించి పెట్టినది.

ఆ కడ్డీని ఆమె తలమీదికి నెట్టినదని మనము వాడుకగా చెప్పుకొందుము. కాని శరీరశాస్త్రము చదివినవాడు ఆ మాటను ఒప్పుకొనడు; ఏలయన కండరమునకు నెట్టుట యను విద్య తెలియదు. తొడ ముందుభాగపు కండరములు మోకాటిచిప్పను పైకి లాగుటచే వంగిన కాళ్లు నిటారైనవి. పిరుదుల కండరములు తొడయెముకను వెనుకకు లాగుటచే వంగిన నడుము లేచి నిలిచినది. దండచేయి వెనుకనున్న కండరము మోచేతి మొనను లాగుటచే ముడిచిన చేయి చాచుకొని కడ్డీ తలపైకి పోయినది. అన్నియు లాగినవే, ఒక్కటియు నెట్టలేదు. ఆ లాగుడును తిప్పి నెట్టుడుగా మనకు చూపినవి ఎముకలును కీళ్లును.

లాగుట యొక్కటే తెలిసిన పదార్థముతో నడక, పరుగు, పాట, వ్రాత, నవ్వు, నమలుట అను ఇన్ని వ్యాపారములు నడువవలెనన్నచో, లాగిన కండరము పని కాగానే వదలవలెను. అది లాగుచున్నంతసేపు దాని కెదురైన కండరము వదలియుండవలెను. లాగుమను ఆజ్ఞయు క్షణమాత్రములో తుడిచివేయబడవలెను. లోకము బలమనగా పట్టు అనుకొనును. కండరపు కథను లోతునకు దిగి చూచినకొలదియు బలములో సగపాలు విడుపుదే యనియు, ఆ విడుపు నిమిత్తము దేహము చేయు ఏర్పాట్లు పట్టు నిమిత్తము చేయు ఏర్పాట్లకు ఏమాత్రము తీసిపోవనియు తేటపడును.

గాజుగొట్టములో కప్ప కండరము

క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమునాటి గ్రీకు వైద్యుడు గేలెన్ మొదలు పాశ్చాత్య పండితులు దాదాపు పదునైదువందల యేండ్లు నమ్మిన దేమనగా, మెదడునుండి నాడుల గుండ ఒక సూక్ష్మమైన ప్రాణవాయువు కండరములోనికి పారును, దానితో కండరము ఉబ్బును, ఉబ్బి పొట్టియగును. దండ బిగించి చూచుకొన్న ప్రతివానికిని ఈ సిద్ధాంతము ప్రత్యక్షముగనే తోచును. కండ ఉబ్బుట కంటికి కనబడుచునే యున్నది గదా!

పదునేడవ శతాబ్దమున హాలెండు దేశీయుడగు యాన్ స్వామ్మర్‌డామ్ ఆ నమ్మకమునకు అతి సులభమైన పరీక్ష నొకటి పెట్టెను. కప్ప తొడకండరమును నాడితో సహా తీసి, గాజుగొట్టములో నుంచి, ఆ గొట్టపు సన్నని కొనలో ఒక నీటిబొట్టును నిలిపెను. కండరములోనికి నిజముగా ఏదేని వచ్చి చేరి అది ఉబ్బినచో గొట్టములోని గాలి నొత్తుకొని నీటిబొట్టు పైకి జరుగవలెను. నాడిని కదపగానే కండరము ముడుచుకొన్నది. నీటిబొట్టు మాత్రము పైకి జరుగలేదు. కండరము అడ్డముగా లావెక్కినది గాని మొత్తముమీద పెరుగలేదు. ఉన్న పదార్థమే లోపల సర్దుకొన్నది. ఈ సర్దుబాటు ఎట్టిదో తెలియుటకు మఱి మూడువందల సంవత్సరములు పట్టినది.

ఈ నడుమ 1791లో ఇటలీలోని బొలోన్యా నగరమునుండి లుయిజీ గాల్వానీ వెలువరించిన గ్రంథము కప్ప కాళ్లు విద్యుత్తునకు ఎట్లు ఎగిరిపడునో లోకమునకు చాటెను. నాడులలో పారునది గాలియు కాదు, ద్రవమును కాదు, విద్యుత్ స్వభావము గల యొక ప్రేరణమని క్రమముగా తేలినది. ఆజ్ఞ యెట్టిదో తెలిసినది. ఆ ఆజ్ఞను పాలించు పనితనమే ఇంకను తెలియలేదు.

పొట్టికాని పోగులు

ఒక కండరమును విప్పి చూచినచో అందు వేలకొలది కండరతంతువులు కట్టలు కట్టలుగా కానవచ్చును. వెండ్రుకంత సన్ననైన ఒక్కొక్క తంతువు ఒక్కొక్క జీవకణమే. కాని సాధారణ కణములకు భిన్నముగా కొన్ని సెంటీమీటర్ల పొడవు సాగి, వందలాది కేంద్రకములను తనలో నుంచుకొన్న కణము. దానిని సూక్ష్మదర్శిని క్రింద నుంచినచో నలుపు తెలుపు పట్టెలు ఒకదానివెంట నొకటి, పొడవునా, చెక్కుచెదరని క్రమముతో అగపడును. ఆ పట్టెల యొక ఆవృత్తికి సార్కోమియర్ అని పేరు. దాని పొడవు రమారమి రెండున్నర మైక్రాన్లు. అనగా ఒక సెంటీమీటరు తంతువులో అట్టివి నాలుగువేలు వరుసగా నిలిచియుండును.

1954 మే నెలలో ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసములను ప్రక్కప్రక్కన అచ్చువేసెను. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కె అను వారిది. రెండవది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ అను వారిది. ఇంటిపేరు ఒక్కటియే యైనను ఆ హక్స్‌లీల నడుమ బంధుత్వము లేదు; పరిశోధనలును వేర్వేరుగా జరిగినవి; ఫలితము మాత్ర మొక్కటే. కండరము ముడుచుకొనునప్పుడు నల్లపట్టె వెడల్పు మారుట లేదు. తెల్లపట్టె మాత్రమే సన్నగిలుచున్నది. దీని కొక్కటే అర్థము కలదు: లోపలి పోగు లేవియు పొట్టియగుట లేదు; లావుపాటి పోగుల నడుమకు సన్నని పోగులు జారుకొని పోవుచున్నవి. అప్పటివరకు చాలమంది పండితులు ఏవో అణువులు మడతపడి చుట్టుకొనుచున్నవని ఊహించుచుండిరి. మడత లేదు, చుట్ట లేదు. ఉన్నది జారుట యొక్కటే.

లావుపోగు మయోసిన్ అను మాంసకృత్తుచే ఏర్పడినది. ఒక్కొక్క పోగునందు సుమారు మూడువందల మయోసిన్ అణువులు పెనవేసికొని యుండగా, ఒక్కొక్క అణువునుండి రెండేసి తలలు బయటికి పొడుచుకొని యుండును. సన్నపోగు ఆక్టిన్ అను వేరొక మాంసకృత్తుది. మయోసిన్ తల ఆక్టిన్‌ను పట్టుకొని, వంగి, దానిని పది నానోమీటర్లకు మించని దూరము, అనగా మిల్లీమీటరులో లక్షవ వంతు, లాగి, విడిచి, మరల ముందుకు చాచుకొని మఱియొక చోట పట్టును. మన కోస్తా తీరమున అలివి వలను ఒడ్డునకు చేర్చు జాలరులు మోకును పట్టి లాగుచు, ఒకరు పట్టు విడిచి ముందుకు పోయి మరల పట్టునప్పటికి తక్కినవారు మోకు జారకుండ ఆపియుంచుట చూచినవారికి ఈ పని విధానము వెంటనే బోధపడును. అందరును ఒక్కమారే విడిచినచో వల సముద్రము పాలగును. ఎవరును విడువనిచో వల జానెడైనను కదలదు. ఒక్కొక్క తల లాగు దూరము లెక్కకు రానిదే. కాని నాలుగువేల సార్కోమియర్లు వరుసగా ఒక్కమారు తలా కొంత పొట్టియైనప్పుడు అది కంటికి కనబడు కదలికయగును, కోట్లకొలది పోగులు ప్రక్కప్రక్కన లాగినప్పుడు 130 కిలోల ఇనుము తలపై నిలుచును.

ఆజ్ఞ వచ్చుట, ఆజ్ఞ చెరుగుట

వెన్నుపామునుండి బయలుదేరిన యొక నాడీకణము తన కొనను అనేక శాఖలుగా చీల్చి కొన్ని కండరతంతువులకు తాకును. ఆ నాడి యొకటియు, దాని అదుపులోని తంతువులన్నియు కలిసి యొక జట్టు; ఆజ్ఞ వచ్చినప్పుడు జట్టంతయు లాగును, రానప్పుడు జట్టంతయు ఊరకుండును. కంటిగ్రుడ్డును త్రిప్పు కండరములలో ఒక జట్టునకు పదియో పదునైదో తంతువులుండగా, పిక్కలో ఒక్కొక్క జట్టునకు వేయికి మించి యుండవచ్చును. సూదిలో దారము నెక్కించునప్పుడు ఆ నేర్పును, బస్సు నందుకొనుటకు పరుగెత్తునప్పుడు ఈ బలమును ఈ పంపకముననే కలుగుచున్నవి.

నాడి కొనకు ప్రేరణము చేరగానే అచట ఎసిటైల్‌కోలిన్ అను రసాయనము స్రవించి, సన్నని సందును దాటి, కండరతంతువు పైనున్న గ్రాహకములలో కూర్చుండును. దానితో తంతువు పొర వెంబడి విద్యుత్ తరంగము పారి, లోపలి గొట్టముల గుండ లోతునకు దిగి, సంచులలో దాచియుంచిన కాల్షియంను బయటికి వదలించును. విశ్రాంతిగా నున్న కండరములో ఆక్టిన్ మీది పట్టుచోట్లను ఒక సన్నని మాంసకృత్తు కప్పియుండును. కాల్షియం వచ్చి తగులగానే ఆ మూత ప్రక్కకు జరుగును, మయోసిన్ తలలకు పట్టు దొరకును. కాల్షియం ఈ తాళమును తీయు విధానమును 1960వ దశకమున విశదపరచిన ఖ్యాతి జపాను శాస్త్రజ్ఞుడు సెత్సురో ఎబాషీది.

ఇంతవరకు పట్టు కథ. విడుపునకు కావలసిన ఏర్పాటు ఇంతకు తక్కువది కాదు. ఎసిటైల్‌కోలిన్‌ను క్షణములో వేయవవంతు కాలములోనే విరుగగొట్టు ఎంజైమ్ ఆ సందులోనే కాచుకొని యుండును. వెలికివచ్చిన కాల్షియంను తోడి మరల సంచులలోనికి పంపు పంపులు నిరంతరము పనిచేయుచుండును. ఈ రెండింటిలో ఏది తప్పినను ప్రాణాపాయమే యని మన పల్లెలకు చేదు అనుభవమున తెలియును. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందు దేహములోనికి పోయినచో చేయు చెరుపు ఇదియే: ఆజ్ఞను చెరిపివేయు ఎంజైమ్‌ను అది బంధించును, ఆజ్ఞ చెరుగక నిలిచిపోవుటచే కండరములు అదరి అదరి తుదకు చచ్చుబడును. నాగుపాము కాటు ఇందుకు విలోమము. నాగుపాము విషములోని నాడీవిషము గ్రాహకములను తానాక్రమించి కూర్చుండుటచే ఆజ్ఞ కండరమునకు అందదు. మొదట కనురెప్పలు వాలును, మాట ముద్దయగును, పిమ్మట ఊపిరి తీయు కండరములు నిలిచిపోవును. ఒకచోట విడుపు చెడినది, వేరొకచోట పట్టు చెడినది. ఊపిరికి ముప్పు రెండు చోట్లను ఒక్కటే.

నీలిరంగు ఆలస్యమైనప్పుడు

పట్టి విడుచు ఈ పనికి శక్తి యెచ్చటినుండి వచ్చుచున్నది? ఇరువదవ శతాబ్దారంభమున ఈ ప్రశ్నకు సిద్ధముగా నుండిన జవాబు లాక్టిక్ ఆమ్లము. కండరము పని చేయునప్పుడు వెలువడు వేడిని కొలిచిన ఇంగ్లండు దేశీయుడు ఏ.వి. హిల్, లాక్టిక్ ఆమ్లమునకును ఆక్సిజన్‌కును గల సంబంధమును తేల్చిన జర్మను శాస్త్రజ్ఞుడు ఓటో మేయర్‌హోఫ్ 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతిని పంచుకొనుటతో ఆ సిద్ధాంతమునకు తిరుగులేని ప్రతిష్ఠ కలిగినది.

అట్టి కాలమున, 1895లో భీమవరమున పుట్టి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, 1923లో అమెరికాకు చేరిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ నగరమునందలి హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కె వద్ద పరిశోధనమున ప్రవేశించెను. రక్తములోను, కణజాలములోను గల భాస్వరమును కొలుచుటకు వారిరువురు కలిసి రూపొందించి 1925లో ప్రకటించిన పద్ధతి ప్రపంచమందలి ప్రయోగశాలలలో వారి పేళ్లతోనే తరతరములుగా చెలామణి యగుచు వచ్చినది. ఆ పద్ధతిలో మాలిబ్డేటును, మఱియొక రసాయనమును చేర్చినప్పుడు ద్రవమునకు నీలిరంగు వచ్చును. రంగు చిక్కదనమును బట్టి భాస్వరపు పాలెంతయో చెప్పవచ్చును.

ఆ పద్ధతిని కండరపు రసమునకు ప్రయోగించినప్పుడు ఒక చిత్రము జరిగినది. రంగు రావలసిన వేళకు రావలసినంత రాలేదు. మెల్లమెల్లగా, ఆలస్యముగా చిక్కబడసాగినది. రసాయనములో దోషమనియో, పాత్ర శుభ్రముగా లేదనియో సరిపెట్టుకొని మఱియొక నమూనా నెత్తుకొనుట సులభమే. ఫిస్కె, సుబ్బారావులు అట్లు చేయక ఆ ఆలస్యమునే పట్టుకొనిరి. అంతవరకు ఎవరును ఎరుగని భాస్వర పదార్థ మొకటి కండరములో నుండి, ఆ పరీక్షాద్రవములో కొంచెము కొంచెముగా విడిపోవుచు భాస్వరమును వదలుచున్నదని గ్రహించిరి. అది క్రియాటిన్‌తో భాస్వరము కూడిన ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేసినప్పుడు అది తరుగుచున్నది, విశ్రమించినప్పుడు మరల పెరుగుచున్నది. 1927లో ఈ సంగతి ‘సైన్స్’ పత్రికలో వెలువడినది. ఆ సంవత్సరమే లండనులో ఫిలిప్, గ్రేస్ ఎగిల్‌టన్ దంపతులును అట్టి పదార్థముయొక్క జాడను కనుగొనిరి. పిదప 1929లో ఫిస్కె, సుబ్బారావులు బోస్టనులోను, కార్ల్ లోమాన్ జర్మనీలోను, ఎవరికి వారుగా, కండరమునుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, నేడు ఏటీపీ యని ప్రతి విద్యార్థియు చదువు పదార్థమును, వెలికి తీసిరి.

లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతము కూలుటకు ఎంతో కాలము పట్టలేదు. 1930లో కోపెన్‌హేగన్ నగరమున ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ విషప్రయోగముచే అడ్డుకొన్న కండరము సైతము కొంతసేపు ముడుచుకొనుచునే యున్నదనియు, ఆ కొంతసేపును తరిగిపోవునది ఫాస్ఫోక్రియాటిన్ అనియు చూపెను. 1939లో మాస్కోలో ఎంగెల్‌హార్ట్, లుబిమోవా దంపతులు మయోసినే ఏటీపీని విరుగగొట్టు ఎంజైమ్ అని తేల్చిరి. యుద్ధము రేగుచున్న దినములలో హంగరీలోని సెగెడ్ నగరమున ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జీ బృందము ఆక్టిన్, మయోసిన్‌లతో చేసిన పోగులపై ఏటీపీ ద్రావణమును పోయగా, ప్రాణము లేని ఆ పోగులు కళ్లయెదుటనే ముడుచుకొనెను.

శవము బిగుసుకొను టేల?

సామాన్యముగా మనము అనుకొనున దేమనగా, శక్తి పట్టుటకు కావలెను, విడుచుటకు ఏమియు అక్కరలేదని. మయోసిన్ తల విషయములో జరుగునది దీనికి సరిగా తలక్రిందులు. ఏటీపీ అణువు వచ్చి తగిలినప్పుడే ఆ తల ఆక్టిన్‌ను విడుచును. విడిచిన పిమ్మట ఏటీపీ విరిగి తలను ముందుకు చాచి ఎక్కుపెట్టును. మరల పట్టు దొరకగానే ఆ ఎక్కుపెట్టిన తల వంగి లాగును. లాగిన తల క్రొత్త ఏటీపీ వచ్చువరకు పట్టిన పట్టు వదలలేదు.

మరణానంతరము కొన్ని గంటలకు దేహము కొయ్యబారుటకు కారణ మిదియే. శ్వాస ఆగినది, ఏటీపీ తయారగుట ఆగినది, కాల్షియంను తోడు పంపులు ఆగినవి, పట్టుకొన్న తలలు పట్టుకొన్నట్లే నిలిచిపోయినవి. దవడ మొదలు కాళ్లవరకు వ్యాపించిన ఆ బిగువు, ఒక దినమో, అంతకు కొంచెము హెచ్చో గడచి, కండరపు మాంసకృత్తులే చివుక నారంభించినప్పుడు గాని సడలదు. ప్రాణమున్నంతసేపు మన చేతులు మెత్తగా, కీళ్లు వదులుగా నుండుటకు మనము నిమిషనిమిషమును మూల్యము చెల్లించుచునే యున్నామన్నమాట.

ఆ మూల్యము స్వల్పమైనది కాదు. దేహమునందు ఏ క్షణమున చూచినను ఉండు ఏటీపీ పావుకిలోకు మించదు. కాని అది విరిగి, కూడి, మరల విరుగుచు ఒక దినమునకు తిరిగిన మొత్తమును లెక్కగట్టినచో దాదాపు మనిషి బరువంత యగును. తీవ్రముగా పనిచేయు కండరములో నిలువయున్న ఏటీపీ రెండు మూడు క్షణములకే సరి. అది తరుగకుండ భాస్వరము నందించు ఫాస్ఫోక్రియాటిన్ మఱి పది క్షణముల వరకు కాపుకాయును. బరువు నెత్తువారికి, వంద మీటర్లు పరుగెత్తువారికి ఇదియే ప్రధానమైన పెట్టుబడి. భీమవరపు శాస్త్రజ్ఞుడు బోస్టనులో కనుగొన్న పదార్థముతోనే వూసవానిపేట వనిత సిడ్నీలో బరువు నెత్తినది. ఆపై నిమిషము రెండు నిమిషములు గ్లూకోజును ఆక్సిజన్ లేకయే విరుచుకొని గడపవచ్చును. అంతకు మించిన నడకకు, పొలము పనికి, దూరపు పరుగునకు ఊపిరితో వచ్చు ఆక్సిజనే దిక్కు. ఇంత చేసియు ఖర్చయిన శక్తిలో నాలుగవ పాలు మాత్రమే పనిగా మారును, తక్కినది వేడి. చలిలో వణకునప్పుడు దేహము కోరునది ఆ వేడినే.

ఎదురుబొదురు కండరములు

అణువుల స్థాయిలో చూచిన ఈ న్యాయమే అవయవముల స్థాయిలోను కానవచ్చును. చేయి ముడుచునప్పుడు దండ ముందుకండరము లాగవలెను, వెనుకకండరము వదలవలెను. ఈ వదలుట తనంత తాను జరుగునది కాదు. ఒక కండరమునకు లాగుమను ఆజ్ఞ పోవునప్పుడే దాని ఎదురు కండరపు నాడిని వెన్నుపాములోనే అణచివేయు ఏర్పాటు కలదని చార్లెస్ షెరింగ్టన్ నిరూపించెను. నాడీమండలముపై చేసిన కృషికి ఆయన 1932లో నోబెల్ బహుమతిని పంచుకొనెను. ఈ అణచివేత చెడిన దేహమును చూడగోరువారు ధనుర్వాతమును చూచిన చాలును. ఆ క్రిమి విషము అణచు నాడులనే మూగవోవజేయుటచే ఎదురుబొదురు కండరములన్నియు ఒక్కమారుగా లాగును. వాటిలో బలమైనవి గెలువగా వెన్ను విల్లుగా వంగును, దవడ తెరువరాకుండ బిగియును. దేహమునందలి బలమంతయు వినియోగమగుచునే యుండును. చిటికెనవ్రేలు కదల్చు పని యైనను జరుగదు.

బలమునకును వేగమునకును నడుమ దేహము చేసిన బేరమును ఇచటనే గమనింపవలెను. దండకండరము మోచేతి కీలునకు నాలుగైదు సెంటీమీటర్ల దూరముననే ముంజేతి యెముకకు అంటియున్నది. బరువు పట్టిన అరచేయి ఆ కీలునకు ముప్పదియైదు సెంటీమీటర్ల దూరమున నున్నది. కావున ముంజేతిని అడ్డముగా చాచి పది కిలోల నీళ్ల బకెట్టును పట్టుకొన్నప్పుడు ఆ కండరము లాగు లాగుడు డెబ్బది యెనుబది కిలోల బరువునకు సరితూగును. నష్టముగా తోచు ఈ అమరికవలన కండరము వ్రేలెడు కదలినచో చేయి మూరెడు కదలును. రాయి విసరుటకు, బంతి కొట్టుటకు కావలసిన వేగ మంతయు అందుండియే వచ్చుచున్నది.

తంతువులలోను రెండు ముఖ్యజాతులు గలవు. నెమ్మదిగా లాగి చాలసేపు అలయకుండునవి ఎఱ్ఱనివి. ఆక్సిజన్‌ను పట్టియుంచు వర్ణకము వానిలో మెండు. చుఱుకుగా లాగి త్వరగా అలసిపోవునవి తెల్లనివి. కోడిని కోసిన యింట ఈ భేదము ఎవరికైనను కనబడును: దినమంతయు నేల గీరుచు తిరుగుటచే తొడ ముక్క ఎఱ్ఱగాను, ఎప్పుడో ఒకమారు గోడ దూకుటకు తప్ప రెక్క విదల్చకపోవుటచే రొమ్ము ముక్క తెల్లగాను ఉండును. గంటలకొలది ఎగురు పావురమునకు రొమ్ము సైతము ముదురు ఎఱుపే.

తెలియకుండ పనిచేయునవి

ఇంతవరకు చెప్పినవి మన యిచ్ఛకు లోబడు కండరములు. గుండె కండరమునందును ఆ పట్టెలు, ఆ పోగులు ఉన్నవి. కాని దానికి ఆజ్ఞ బయటినుండి రానక్కరలేదు, తన లయను తానే పుట్టించుకొనును. దినమునకు లక్ష మారులు కొట్టుకొను గుండె ప్రతి కొట్టుకొక విడుపును పాటించును. ఆ విడుపులోనే అది రక్తముతో నిండును, తన సొంత పోషణమునకు కావలసిన రక్తములో అధికభాగమును అప్పుడే పొందును. ప్రేగులు, రక్తనాళములు, మూత్రాశయము, గర్భాశయము అనువాని గోడలలోని నునుపు కండరములకు పట్టెలు లేవు, తొందర లేదు. మెల్లగా ముడుచుకొని, స్వల్పమైన ఖర్చుతో గంటలకొలది ఆ బిగువును నిలుపుకొనగలవు.

కొన్ని లెక్కలు

• ఎముకల నంటియున్న కండరములు మనిషి దేహమున ఆరువందలకు మించి యున్నవి.
• యుక్తవయస్కుడైన పురుషుని బరువులో ఇంచుమించు 40 శాతము కండరములదే. స్త్రీలలో ఈ పాలు కొంత తక్కువ.
• అన్నిటికంటె చిన్నది చెవిలోపలి స్టెపీడియస్. పెద్ద చప్పుడు వినబడినప్పుడు చెవిలోని చిన్న యెముకను బిగబట్టి లోచెవిని కాచుట దాని పని.
• అన్నిటికంటె పెద్దది పిరుదు కండరము. పొడవైనది తుంటినుండి మోకాటి లోపలివైపునకు దిగు సార్టోరియస్.

దిగువారికే నొప్పి యేల?

అలిపిరి మెట్లదారిన 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవారు ఆయాసపడుదురు, చెమటలు క్రక్కుదురు. కాని బస్సెక్కక కాలినడకనే దిగినవారు మఱునాడు ప్రొద్దున మంచము దిగలేక తొడలు పట్టుకొని కూర్చుందురు. ఎక్కుట కష్టమైనదై యుండ నొప్పి దిగుటవలన హెచ్చుగా కలుగుట వింతగా తోచును. ఎక్కునప్పుడు తొడకండరము లాగుచు పొట్టియగును. దిగునప్పుడు దేహము పడిపోకుండ ఆపుటకై లాగుచునే, దేహభారముచే బలవంతముగా సాగదీయబడును. ఇట్లు పట్టుకొనియే సాగవలసివచ్చినప్పుడు కొన్ని తంతువులలోని పోగుల అమరిక చెదరును. దానిని బాగుచేయు ప్రయత్నములో వాపును, నొప్పియు కలిగి రెండు మూడు దినములుండి పోవును.

ఈ నొప్పికి లాక్టిక్ ఆమ్లము పేరుకొనుటయే కారణమని వ్యాయామశాలలలో నేటికిని చెప్పుకొందురు. నిజమునకు ఆ ఆమ్లము పని ఆగిన గంటసేపటిలోనే చాలవరకు తొలగిపోవును. మఱునాటి నొప్పితో దానికి పొత్తు లేదు. ఇంకొక శుభవార్త యేమనగా, కొన్ని వారములలో అదే దారిని మరల దిగినవారికి మొదటి యంత నొప్పి యుండదు. చెదరిన చోటును కండరము మునుపటికంటె గట్టిగా కట్టుకొనును.

అడిగినంతకాలము బదులిచ్చునది

కండరము పెరుగుట యనగా తంతువుల సంఖ్య పెరుగుట కాదు. ఉన్న తంతువులే క్రొత్త పోగులను చేర్చుకొని లావెక్కుట. దండెములు, బస్కీలు మొదలుపెట్టిన తొలి వారములలో బలము పెరిగినను కండ పెరుగదు. అప్పుడు పెరుగునది జట్లను ఒక్కమాటున రప్పించు నాడుల నేర్పు. ఆపైన మాత్రమే కండ పట్టును. తంతువుల అంచున ఒదిగియుండు ఉపకణములను 1961లో అలెగ్జాండర్ మౌరో గుర్తించెను. దెబ్బ తగిలినప్పుడు, శ్రమ హెచ్చినప్పుడు అవి విభజనమొంది తంతువునకు క్రొత్త కేంద్రకముల నిచ్చును.

పని లేని కండరమును దేహము పోషింపదు. భారము తెలియని అంతరిక్షమున నుండు వ్యోమగాములు దినమునకు సుమారు రెండు గంటలు వ్యాయామము చేయుచుండియు ఎంతో కొంత కండబలమును కోల్పోయి తిరిగివత్తురు. నేలమీద నున్న మనకును నడివయస్సు దాటినది మొదలు కండ కరుగుట ఆరంభమగును, అరువది దాటిన పిదప ఆ తరుగుదల వేగము పుంజుకొనును. చుఱుకైన తెల్ల తంతువులు ముందుగా తగ్గుటచే కాలు జారినప్పుడు నిలద్రొక్కుకొను శక్తి పోయి, పడుటయు, తుంటి యెముక విరుగుటయు సంభవించుచున్నవి.

ఇది తప్పించుకొనరాని విధి యని వైద్యులే చాలకాలము తలచిరి. 1990లో బోస్టన్ నగరముననే ఒక వృద్ధాశ్రమమున మరియా ఫియాటరోన్ బృందము తొంబది యేండ్లకు అటునిటు వయస్సు గల పదిమందిచేత ఎనిమిది వారములు తొడకండరములకు బరువైన వ్యాయామము చేయించెను. పూర్తిచేసినవారి కాళ్ల బలము సగటున 174 శాతము పెరిగినది. తొడకండ లావు 9 శాతము హెచ్చినది. పది మందియే గల చిన్న పరిశీలన యైనను, తొంబదియేండ్ల కండరము సైతము అడిగినచో బదులిచ్చునని అది నిస్సంశయముగా చూపినది. ఆ తరువాతి పరిశోధనలు ఆ మాటనే బలపరచినవి.

మన యిండ్లలో పెద్దవారిని గౌరవించుట యనగా వారిచేత ఏ పనియు చేయింపకుండుట యను భావము స్థిరపడి యున్నది. పూర్వము పీటమీద భోజనమునకు కూర్చుండి లేచుట, నేలమీది చాపనుండి లేచుట, బావినుండి చేదుట అను పనులు ఎవరును వ్యాయామమని పేరు పెట్టకయే తొడలకును నడుమునకును చాలినంత పని యొసగుచుండెను. నేడు బల్లమీద భోజనము, మెత్తని సోఫా, మంచము దగ్గరకే కాఫీ గ్లాసు వచ్చినవి. వీనితో పాటు మోకాళ్లు పట్టుట, లేచుటకు ఒకరి చేయి కావలసివచ్చుట కూడ వచ్చినవి. గుండెజబ్బు, కీళ్లజబ్బు కలవారు వైద్యుని సలహాతో మొదలిడవలసిన మాట నిజమే. తక్కినవారికి దినమునకు రెండుమూడు పర్యాయములు కుర్చీనుండి చేతి ఆసరా లేక పదిమారులు లేచి కూర్చుండుట, మేడమెట్లు తామే ఎక్కుట, భోజనములో పప్పో, పాలో, గ్రుడ్డో చాలినంత చేర్చుకొనుట అను పనులకు ఖర్చు లేదు. ఎనుబది యేండ్ల వయస్సున స్వాతంత్ర్యమనగా ఎవరిని పిలువకుండ కుర్చీనుండి లేవగలుగుటయు, స్నానాలగదికి ఒంటరిగా పోయి రాగలుగుటయు తప్ప వేరొకటి కాదు; దానిని తమ పెద్దలకు దక్కనీయదలచిన కుటుంబము వారి చేతిలోని చిన్నపనులను లాగికొనకుండ విడిచిపెట్టుటతో ఆరంభింపవలెను.